లోపలి గడియ

చొక్కా తెస్తానని మిరపకాయల గదిలోకి వెళ్ళిన కోటేశ్వరి చొక్కా తేలేదు సరికదా, లోపల గడియ వేసుకుంది. చెయ్యి దానంతటదే వెళ్ళి ఇనప గడియని తోసింది, అది ఖంగుమని పడింది, ఆ చప్పుడికి వాకిట్లో పంతులుగారి గొంతు ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకుంది. బయట మోదుగ కాడలూ దర్భలూ చేర్చి బొమ్మ కడుతున్నారు. మనిషి పోయి శవం దొరక్కపోతే అలాగే చేస్తారట. కాడలు ఎముకలట, కొబ్బరికాయ తలకాయట, పోయినవాడి చొక్కా ఒకటి దానికి తొడిగి, మనిషికి చేసేవన్నీ చేసి, తీసుకెళ్ళి కాల్చేస్తారట. ఆహా, ఏం తెలివి! మొగుడు ఎక్కడో సముద్రంలో ఉంటే వాకిట్లో ఇంకొకణ్ణి కట్టి పడుకోబెడుతున్నారు, వాడికి బట్టలు మాత్రం ఈ మొగుడివి కావాలి. ఇవ్వను పో, అనుకుంది. మూలనున్న బీరువాలోంచి తీసిన నీలంగళ్ళ చొక్కా ఒళ్ళో పెట్టుకుని, మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీ మీద కూలబడింది.

ఏడుకొండలు చొక్కా అది. పోయినసారి ఓడ దిగి సెలవుకి వచ్చినప్పుడు వినుకొండలో కొన్నాడు, చేతులు పొట్టయ్యాయని ఒక్కసారి తొడిగి విడిచేశాడు. ఏ చొక్కా కొన్నా చేతులు పొట్టే ఆ మనిషికి. ఊరంతా తాడిచెట్టు అనేది. పెళ్ళిచూపులకి వచ్చిన రోజు గుమ్మం కొట్టుకుని నుదురు బొప్పి కట్టింది, ఆ బొప్పితోనే కూర్చుని బుద్ధిమంతుడిలా కాఫీ తాగాడు, తను తల వంచుకున్నది సిగ్గుతో అనుకున్నారు పెద్దవాళ్ళు, కాదు, నవ్వు ఆగక. నవారు మంచం మీద పడుకుంటే రెండు పాదాలూ బయటే. కొత్తలో వాటికింద పీట వేసేది తను. పీట మీద పాదాలు పెట్టుకుని పడుకున్న మొగుణ్ణి చూస్తే ఎంత నవ్వొచ్చేదో. అదేంటో, ఇప్పుడూ నవ్వే వస్తోంది. చచ్చినట్టు ఏడవాల్సిన రోజున నవ్వొస్తోందంటే పిచ్చెక్కుతోందేమో.

"కోటీ, చొక్కా దొరకలా?" అత్త సుబ్బరావమ్మ అరచేత్తో తలుపు మీద కొట్టింది. "ఏదో ఒకటి ఇయ్యవే. వర్జ్యం వచ్చేస్తందంట, పంతులుగారు తొందరపడతన్నారు."

కోటేశ్వరి తలుపు వంకే చూసింది. అదీ ఆయన చేసిందే. దుబాయి నుంచి మొదటిసారి వచ్చిన ఏడాది ఊళ్ళో మిరపకాయల దొంగలు తిరుగుతున్నారని గోలగా ఉండేది. ఆయన అద్దెకి వెల్డింగు మిషను తెచ్చి, వాకిట్లో రవ్వలు చిమ్ముతూ, ఇనప యాంగిల్ ముక్కలు కోసి, దళసరి రేకు అతికి, ఈ తలుపు చేశాడు. చేసి, లోపలివైపు బొటనవేలంత లావు గడియ పెట్టాడు. గదిలో మిరపకాయలుంటే గడియ బయట ఉండాలి గాని లోపల ఎందుకయ్యా అని అత్త అడిగితే, "కాయల కోసం కాదమ్మా, దాని కోసం" అన్నాడు. తనతో విడిగా చెప్పాడు. "నేనుండను. ఎప్పుడన్నా భయమేస్తే ఇందులోకొచ్చి వేసుకో. ఆ దేవుడే దిగొచ్చినా నీ ఇష్టం లేందే ఇది ఊడదు." ఎంత గొప్పగా చెప్పాడు! ఇన్నేళ్ళలో ఆ గడియ ఎప్పుడూ వేసింది లేదు. దొంగలకి భయపడి వేసుకోలేదు, తుపాను గాలికి పైకప్పు రేకులు లేచినప్పుడూ వేసుకోలేదు. ఇవాళ వేసుకుంది, సొంత అత్తామామలకి భయపడి.

గదికి ఉన్నది ఒక్క కిటికీ, అదీ గూడంత. దానికీ ఆయన చట్రమే. గాలి ఆడదు. ఘాటు గొంతులో పట్టుకుంటోంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే చొక్కా కూడా కొంగుతో పాటు పైకి వచ్చింది, అందులో ఆయన వాసన ఏమీ లేదు, ఒక్కసారి తొడిగిన చొక్కా కదా, కలరా ఉండల వాసన. ఆయన అసలు వాసన మారిపోయి చాన్నాళ్ళయింది. పెళ్ళికి ముందు ఈ ఇంట్లో పత్తి వేసేవాళ్ళు, తెల్లదోమ పట్టి, మందు కొట్టీ కొట్టీ మామ బుల్లయ్యకి కళ్ళు తిరిగి చేలో పడిపోతే మోసుకొచ్చారట. ఆ ఏడాదే ఏడుకొండలు పొలం వదిలి దాచేపల్లి పోయాడు. సిమెంటు ఫ్యాక్టరీలో వెల్డింగు నేర్చాడు. పెళ్ళయ్యేనాటికి ఒళ్ళంతా సున్నపురాయి దుమ్ము, కనురెప్పల మీద కూడా, తలంటు పోస్తే నీళ్ళు పాలలా పారేవి. తరవాత దుబాయి ఓడల రేవులో పని, అప్పుడు ఇనుము కాలిన వాసన. ఆ రేవులో బాగు చేయించుకోవడానికి వచ్చిన ఓడవాళ్ళు ఇతని పని చూసి, మాతోనే వచ్చెయ్ ఫిట్టరుగా అన్నారు. అంతే, నేల మీది మనిషి నీళ్ళ మీది మనిషయ్యాడు. ఇక డీజిలు వాసన. ఎన్ని సబ్బులు అరగదీసినా పోదు, పోయిందనుకునేసరికి సెలవు అయిపోయేది. ఒక మొగుడితో కాపురం చేశానా, ముగ్గురితో చేశానా అని ఆటపట్టించేది తను. ఆయన సిగ్గుపడి లుంగీ సర్దుకునేవాడు.

సిగ్గు, నవ్వు అన్నీ ఫోన్లోనే ఎక్కువ. పిల్లలు కలగలేదు. మందులు వాడారు, మొక్కులు మొక్కారు, కోటప్పకొండ ఎక్కి దిగారు, ఊరుకున్నారు. ఆయన మీద కోపం వస్తే తిట్టడానికి కూడా నెట్‌వర్క్ రావాలి. ఎర్రసముద్రంలోకి పోతున్నామని చెప్పిన రోజు తను కల్లంలో తాలుకాయలు ఏరుతోంది. ఎదురుగా ఎకరం మేర ఎర్రగా ఆరబోసిన కాయలు. "అంత ఎర్రగా ఉంటదా?" అని అడిగింది నిజంగానే. ఆయన పొట్టపట్టుకుని నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, మన కల్లం ఎరుపు ఎక్కడొచ్చుద్దే. మామూలు నీళ్ళే." అని ఫోన్ తిప్పి చూపించాడు. నీళ్ళు. ఎటు చూసినా నీళ్ళు. తర్వాత ఓడలు ఎన్ని రేవులు తిరిగాయో, మళ్ళీ ఆ దారినే పోతున్నామని చెప్పినప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. అక్కడ ఎవరో ఎవరి మీదో యుద్ధం చేస్తున్నారు. ఎవరి కక్షలు వాళ్ళవి. ఆబోతుల కొట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగాయని ఊరికే అన్నారా? ఏ దేశానిదో క్షిపణి, ఏ దేశం కోసమో పోతున్న సరుకు, మధ్యలో ఈ పల్నాటి మనిషికేం పని? మిరపనారు పోసే రోజుల్లో కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. ఓడ మునిగింది. కొందరు బతికారు. ఈయన కనపడలేదు. కనపడలేదు అన్నారు, చూడండి, చచ్చిపోయాడనలేదు.

"అంత ఈతగాడు, ఎక్కడో ఒడ్డు పట్టే ఉంటాడు" అని ఊరివాళ్ళు అనేవాళ్ళు. నిజమే, సాగర్ కాలవ నిండుగా పారుతుంటే వంతెన మీంచి దూకి అవతలి మలుపు దగ్గర తేలేవాడు. నారు మొక్కలయ్యాయి, మొక్కలు కాశాయి, కాయలు కోతకొచ్చాయి, ఆ ఒడ్డు మాత్రం రాలేదు. ఒకరొకరే ఆ మాట అనడం మానేశారు. తను అప్పటికే మానేసింది. అక్బర్ వచ్చి వెళ్ళిన రోజునే మానేసింది.

అమ్మో, అక్బర్ దగ్గరికి వచ్చేసింది బుద్ధి. వద్దు. ఇంకేదన్నా తలుచుకో కోటీ, పీట, బొప్పి, సున్నపు నీళ్ళు. రాదే! వద్దన్నకొద్దీ అక్కడికే పోతోంది పాడుమనసు. వినుకొండ కుర్రాడు అక్బర్. ఓడలో వంటపనికి అతన్ని పెట్టించింది ఏడుకొండలే. బతికి బయటపడ్డవాళ్ళలో అతనొకడు. ఊరికి వచ్చీరాగానే ఇక్కడికొచ్చాడు, నులక మంచం మీద కూర్చున్నాడు, టీ ముట్టలేదు. అత్తకీ మామకీ ఒకటే చెప్పాడు. దెబ్బ ఇంజను గది దగ్గరే తగిలింది, అన్న అందులో ఉన్నాడు, ఏం తెలిసుండదు, క్షణంలో అయిపోయింది అని. మామ ఆ మాట పట్టుకుని కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. తను మాత్రం ఆటో దాకా వెంట వెళ్ళింది. ఎందుకో ఆ కుర్రాడు తన కళ్ళలోకి చూడటం లేదు. అడిగితే, ఆటో కమ్మీ పట్టుకుని, నేల చూస్తూ చెప్పాడు.

"క్షణంలో కాలా వదినా. తలుపు చట్రం వంగి బిగుసుకుపోయింది. అన్న లోపల్నించి కొడతన్నాడు, స్పానరుతోననుకుంటా. మేమూ ఇవతల్నించి కొట్టాం, లాగాం, గునపం పెట్టాం. రాలా. పడవలు దింపేస్తన్నారని నన్ను చంకలకింద చేతులేసి ఈడ్చుకుపోయారు వదినా."

అప్పుడు తను ఏడవలేదు, అరవలేదు. ఒకటే అడిగింది. "ఆగిందా?"

"నేనుండగా ఆగలా. కొడతానే ఉన్నాడు."

అది ఎవరికీ చెప్పలేదు కోటేశ్వరి. అత్తకి చెబితే ఆ రాత్రికే గుండె ఆగుతుంది. మామకి చెబితే ఆ ముసలాయన ఇక అన్నం తినడు. చెప్పకుండా తనలోనే పెట్టుకుంది. అన్నం వండుతుంటే కొడతాడు. కాయలు ఏరుతుంటే కొడతాడు. పక్కింట్లో కారం దంచుకుంటుంటే రోకటి పోటుకీ రోకటి పోటుకీ మధ్య ఆయన కొడతాడు. ఆగలేదన్నాడుగా అక్బర్. ఎవరూ ఆగడం వినలేదుగా. వినందాకా ఆగినట్టెలా అవుతుంది? మనిషి లోపల్నించి తలుపు కొడుతూ ఉంటే, తియ్యడం మానేసి, వాకిట్లో ఆయన్ని తగలబెడతామంటున్నారు వీళ్ళు! తలుపు తియ్యకుండానే? చొక్కా ఎలా ఇస్తుంది తను? ఇస్తే, ఇక కొట్టకు, మేం రాము అని చెప్పినట్టేగా?

"కోటీ! ఏం చేస్తన్నావే లోపల? పలకవేం?" అత్త గాజుల చెయ్యి తలుపు మీద గలగలమంది. ఆమెవి ఉంటాయి, ఆమె మొగుడున్నాడు. తనవి పదో రోజున తీసేస్తారు. "గడియ వేసుకుంది! అమ్మో, ఈ పిల్ల గడియ వేసుకుంది! ఉరేసుకుంటదో ఏమో, ఎవరన్నా రండయ్యా!"

వాకిట్లో మంత్రం ఆగిపోయింది. అడుగుల చప్పుడు. ఎవరో భుజంతో తోశారు. ఇంకెవరో కాలితో తన్నారు. తలుపు ఉలకలేదు, పలకలేదు. ఎలా కదులుతుంది, చేసిందెవరు? "గునపం తెండ్రా" అంది ఒక గొంతు. "గునపానికి రాదయ్యా అది, ఏడుకొండలు చేసిన తలుపు" అంది ఇంకో గొంతు. గునపం! అక్కడా గునపం పెట్టారు, రాలేదు. ఇక్కడా రాదు. అక్కడ ఆయన, ఇక్కడ తను. కాకపోతే ఆయనకి నీళ్ళు, తనకి ఘాటు. దగ్గు తెర పొంగుకొచ్చింది, కళ్ళలోంచి ముక్కులోంచి నీళ్ళు, ఊపిరి తీస్తే లోపలికి కారం దిగుతోంది.

ఊపిరాడట్లా, గడియ తియ్యవే. ఆ మాట ఆయనది. పోయినసారి సెలవులో, ఎండాకాలం కాదు, చలికాలమే, పడకగది తలుపు వేస్తే చాలు లేచి కూర్చునేవాడు. చెమటలు. తలుపు బార్లా తీస్తేగాని పడుకునేవాడు కాదు. కుక్కలు లోపలికొచ్చి మంచం కింద పడుకునేవి. చొక్కా పై గుండీ కూడా పెట్టుకునేవాడు కాదు, మెడ నొక్కినట్టుంటదే అనేవాడు. "మరి ఓడలో ఎట్టా పడుకుంటావయ్యా?" అని వెక్కిరించింది తను. ఆయన తెరిచిన తలుపు వంక చూస్తూ, "అక్కడి తలుపులు నా చేతిలో ఉండవుగా" అన్నాడు. తను విన్నది, విని, దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకుంది. చలేస్తోంది మరి. పోవద్దయ్యా అంటే ఆగేవాడా? ఆగి ఏం చేసేవాడు, మళ్ళీ పత్తికి మందు కొట్టేవాడా? పెనం మీంచి పొయ్యిలోకి, పొయ్యిలోంచి పెనం మీదికి, అంతేగా ఈ నేల మీది బతుకు.

"తప్పుకోండ్రా." అది బుల్లయ్య గొంతు. మామ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అందరూ తప్పుకున్నట్టున్నారు, నిశ్శబ్దమైంది. ఆయన తలుపు దగ్గర గడప మీద కూర్చున్న చప్పుడు, మోకాళ్ళు పట్టేసినప్పుడు ఆయన మూలుగు, అన్నీ తెలుస్తున్నాయి. వేలిమెటికలతో మెల్లగా కొట్టాడు.

"అమ్మాయ్. నాకు మాత్రం ఇష్టమా తల్లీ? కొడుక్కి నేను నిప్పు పెట్టడమేంది? రేపో మాపో పోయేవాణ్ణి. నేనూ పోతే వాడికెవరు చేస్తారు చెప్పు. నీళ్ళల్లో నానతన్నాడమ్మా నా బిడ్డ. నిప్పు చూపిస్తే బయటపడతాడని."

మళ్ళీ కొట్టాడు. కొట్టడం, ఆగడం, కొట్టడం. కోటేశ్వరి రెండు చేతులతో చెవులు మూసుకుంది. మూసుకున్నా వినపడింది. ఇది మామ చెయ్యి, ఇది మెటికల చప్పుడు, స్పానరు కాదు అని చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ రెండూ కలిసిపోయాయి. ఎవరు లోపల, ఎవరు బయట? ఎవరు ఎవరికి తియ్యాలి? కొట్టాడు. తను లేవలేదు. కొట్టాడు, ఈసారి నెమ్మదిగా. చొక్కాని గుండెకి అదుముకుంది. కొట్టాడు, గోరుతో గీరినట్టు.

తర్వాత కొట్టలేదు.

కోటేశ్వరి చెవుల మీంచి చేతులు తీసింది. ఇంకా కొడతాడని చూసింది. ఊపిరి బిగబట్టి చూసింది. కల్లంలో కాకులు అరుస్తున్నాయి, రోడ్డు మీద ట్రాక్టరు పోతోంది, అన్నీ వినపడుతున్నాయి, ఆ ఒక్క చప్పుడే లేదు. గదిలో లేదు. తలలోనూ లేదు. అక్బర్ ఆటో ఎక్కి వెళ్ళినప్పటినుంచి ఒక్క పూట కూడా ఆగని చప్పుడు ఆగిపోయింది. ఆగిపోయిందే! అయ్యో, ఆగిపోయింది. ఎలా లేచిందో తెలియదు, టిక్కీ తట్టుకుని బోర్లా పడబోయి, గోడ పట్టుకుని, గడియ మీద రెండు చేతులూ వేసి లాగింది. బిగుసుకుంది. ఒక్క క్షణం, ఇదీ రాదు అనుకుంది. కాలు తన్నిపెట్టి లాగింది. వచ్చింది. తలుపు బార్లా తెరుచుకుంది.

గడప మీద బుల్లయ్య తల వాల్చి కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఎందుకాగావు మావయ్యా?" కోటేశ్వరి ఆయన ముందు కూలబడి ఆ చెయ్యి పట్టుకుని అరిచింది. "ఎందుకాగావు?"

ముసలాయన బిత్తరపోయి చూశాడు. "చెయ్యి నొప్పెట్టిందమ్మా" అన్నాడు.

అప్పుడు ఏడ్చింది కోటేశ్వరి. ఇన్ని నెలలూ దాచిందంతా ఏడ్చింది. కబురంది పొద్దున్నే వచ్చి, వాకిటి చివర గోడనానుకుని నిలబడ్డ అక్బర్ కర్చీఫ్ నోట్లో కుక్కుకున్నాడు. గదిలోంచి ఘాటు బయటికి కొట్టి అత్తా, పంతులుగారూ, తలుపు తన్నినవాళ్ళూ అందరూ దగ్గారు, అందరి కళ్ళూ కారాయి. తలుపు మూయబోయారు ఎవరో. "వెయ్యొద్దు" అంది, "అట్టాగే ఉండనీండి."

ఏడ్చి, ముక్కు చీది, చొక్కా పట్టుకుని వాకిట్లోకి నడిచింది. అరిటాకు మీద బొమ్మ పడుకుని ఉంది. కొబ్బరికాయకి పసుపు రాశారు. పైనుంచి కింది దాకా చూసింది. మళ్ళీ చూసింది. ఇంత పొట్టిగానా? ఎవరి కొలత ఇది? ఇంతలేసి మనుషులు, పుట్టినప్పట్నుంచీ చూసినవాళ్ళు, ఒక్కరికైనా గుర్తు లేదా?

"కాళ్ళు చాల్లేదు" అంది.

పంతులుగారు వర్జ్యం మాట ఎత్తబోయి ఆమె మొహం చూసి పక్కకి జరిగారు. "అవును వదినా" అన్నాడు అక్బర్ గోడ దగ్గర్నించే, "ఓడలో బంకు మంచం మీద పడుకుంటే అన్న కాళ్ళు బయటికొచ్చేయి." మిగిలిన మోదుగ కాడలు ఎత్తుకొచ్చి ఆమె పక్కన కూర్చుని అందించాడు. కోటేశ్వరి ఒక్కో కాడా అతికి, దర్భతో చుట్టి, పళ్ళతో ముడి బిగించింది. అరిటాకు చాలక పాదాలు మట్టి మీదికి వచ్చాయి. సుబ్బరావమ్మ లోపలికి వెళ్ళి పీట తెచ్చి వాటికింద పెట్టింది.

చొక్కా తనే తొడిగింది. చేతులు పొట్టే అయ్యాయి. పంతులుగారు వంగి కింది నుంచి గుండీలు పెట్టుకుంటూ వచ్చి పై గుండీ దగ్గరికి వచ్చేసరికి కోటేశ్వరి ఆయన చెయ్యి ఆపింది.

"అది వద్దండీ. ఆయనకి ఊపిరాడదు."